బడి ముందు వీధి బాగుంది, మలుపు దగ్గరే చిక్కు

పిల్లలు పెద్దల తోడు లేకుండా నడిచి వెళ్లేలా తీర్చిదిద్దామని చెబుతున్న మా బడి వీధిని, వాహనం నడిపేవారి సీటులోంచి కాక ఎనిమిదేళ్ల పిల్ల కంటి ఎత్తు నుంచి చూస్తేనే దాని మంచిచెడ్డలు తెలుస్తాయి.

నూటికి నూరు మార్కులు ఇవ్వదగినది ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి కట్టిన క్రాసింగ్. పిల్లలు కిందికి దిగనక్కర లేకుండా వాహనమే ఎక్కి దిగాలి కాబట్టి, బోర్డు చదివినా చదవకపోయినా డ్రైవరు వేగం తగ్గించక తప్పదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు తొక్కే సమయాన్నీ కలుపుకుంటే, 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారుకన్నా సుమారు రెట్టింపు దూరం పోయాక గానీ ఆగదు. పాదచారులు, వాహనాలు కలిసి తిరిగే చోట గరిష్ఠ వేగం 30 కిలోమీటర్లే ఉండాలని రోడ్డు భద్రతపై 2020లో జరిగిన ప్రపంచ దేశాల మంత్రుల సదస్సు వెలువరించిన స్టాక్‌హోమ్ ప్రకటన కోరింది. అయితే ఆ అంకెను బోర్డుమీద రాయడం వేరు, రోడ్డు చేతనే పాటింపజేయడం వేరు. ఇదివరకు ఇక్కడ తెల్లచారలు, హెచ్చరిక బోర్డు ఉండేవి. వాటిని లెక్కచేసిన బండి అరుదు.

క్రాసింగ్‌కు ఇరువైపులా ఫుట్‌పాత్‌ను రోడ్డులోకి జరపడంతో అక్కడ బండి నిలిపే వీలు పోయింది. ఇదివరకు ఆగి ఉన్న వ్యాను పక్కనుంచి తల బయటపెడితే తప్ప వచ్చే వాహనం పిల్లకు కనిపించేది కాదు; తల బయటపెట్టేసరికి ఆ పిల్ల రోడ్డు మీదే ఉండేది. ఇప్పుడు అంచున నిలబడి చూస్తే చాలు, దాటాల్సిన దూరమూ తగ్గింది.

బడి గంట వేళల్లో వీధిలోకి వాహనాలను రానివ్వకపోవడం 1980ల చివర్లో ఇటలీలోని బోల్జానోలో అమలైన పద్ధతి. తర్వాత చాలా నగరాలకు పాకింది. ఇక్కడ దాన్ని అమలు చేస్తున్న తీరు మాత్రం నాకు నచ్చలేదు. గేటు ముందు ఆగే కార్లన్నీ (వాటిలో మా ఇరుగుపొరుగువారివే ఎక్కువ) ఇప్పుడు మలుపు దగ్గర రెండు వరుసల్లో నిలుస్తున్నాయి. నడిచివచ్చే పిల్లలు దాటేది సరిగ్గా అక్కడే. పిల్లలను దింపడానికి కాస్త దూరంలో వేరే చోటు చూపించి ఉండాల్సింది. ఆ మూల విశాలమైన వంపు కావడంతో బండ్లు వేగం తగ్గించకుండానే తిరుగుతున్నాయి కూడా.

ఇక పెద్దరోడ్డు మధ్యలో ఆగి నిలబడేందుకు దిమ్మె లేదు. రెండు దిక్కుల వాహనాల వేగాన్ని, దూరాన్ని ఒకేసారి అంచనా వేయడం ఆ వయసు పిల్లలకు చేతకాని పని. దిమ్మె ఉంటే ఒక్కో దిక్కునూ విడిగా చూసుకుని దాటవచ్చు. అది కట్టేవరకు మా అమ్మాయిని పెద్దరోడ్డు నేనే దాటించి, మలుపు దగ్గర కార్లు పోగవకముందే, అక్కడి నుంచి ఒంటరిగా పంపుతున్నాను.