గిట్ పుష్ మొండికేస్తే: హెచ్‌టీటీపీఎస్ మేలా, ఎస్ఎస్‌హెచ్ మేలా?

గిట్‌లో కోడ్ మార్పులను సర్వర్‌కు పంపడాన్ని పుష్ అంటారు. అలా పంపే దారులు రెండు: వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీఎస్, కీ ఫైల్‌తో లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్. పుష్ ఫెయిలయితే చాలామంది ముందుగా రిమోట్ (సర్వర్‌లోని కాపీ) యూఆర్ఎల్‌ను హెచ్‌టీటీపీఎస్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌కి, లేదా అటునుంచి ఇటు మార్చి చూస్తారు. ఒక్కోసారి పని జరిగిపోతుంది కూడా. ఎందుకు జరిగిందో తెలియదు కాబట్టి వారం తిరక్కుండానే అదే తలనొప్పి మళ్లీ మొదలవుతుంది. రెండు దారులూ ఒకే రిపోజిటరీకి (ప్రాజెక్ట్ ఫైళ్లు, వాటి చరిత్ర ఉండే చోటుకి) ఒకే డేటాను మోసుకెళ్తాయి. ఏది ఎక్కడ చెడుతుందన్న దగ్గరే అసలు తేడా. హెచ్‌టీటీపీఎస్ నెట్‌వర్క్‌ను సులువుగా దాటి లాగిన్ దగ్గర చిక్కుకుంటుంది. ఎస్ఎస్‌హెచ్ మొదటిరోజు సెటప్‌లోనో, ఫైర్‌వాల్ దగ్గరో ఏడిపిస్తుంది. ఆ గండం దాటితే నెలల తరబడి మీ జోలికి రాదు.

ముందు ఏది ఏ తప్పో తేల్చుకోండి

కొన్ని ఎర్రర్లకు ఈ రెండింటితోనూ సంబంధం లేదు. "రిజెక్టెడ్" అని వచ్చి పక్కన "ఫెచ్ ఫస్ట్" అనో "నాన్ ఫాస్ట్ ఫార్వర్డ్" అనో కనిపిస్తే కనెక్షన్ బాగానే ఉంది, లాగిన్ కూడా అయిపోయింది. మీ దగ్గర లేని కమిట్లు (దాచిన మార్పులు) రిమోట్‌లో ఉన్నాయంతే. "గిట్ పుల్ --రీబేస్" చేసి మళ్లీ పుష్ చేయండి. రిమోట్‌లోని కమిట్లను తోసేసి మీవి పెట్టే ఫోర్స్ పుష్ జోలికి వెళ్లకండి. "రెఫ్‌స్పెక్ మెయిన్ డస్ నాట్ మ్యాచ్ ఎనీ" అంటే మీ మెషీన్‌లో మెయిన్ అనే బ్రాంచే లేదని అర్థం. మొదటి కమిట్ ఇంకా చేసి ఉండరు, లేదా బ్రాంచి పేరు మాస్టర్ అని ఉంటుంది. గిట్‌హబ్‌లో 100 ఎంబీ దాటిన ఫైల్ ఉన్నా పుష్ ఆగుతుంది. ఆ ఫైల్‌ను డిలీట్ చేసి కొత్త కమిట్ చేస్తే సరిపోదు, ఎందుకంటే పాత కమిట్‌లో అది ఇంకా కూర్చునే ఉంటుంది. చివరి కమిట్‌లోనే చేరి ఉంటే అమెండ్ (ఆ కమిట్‌నే సరిదిద్దడం) చాలు. వెనక ఎక్కడో ఉంటే ఫిల్టర్-రిపో టూల్‌తో చరిత్రలోంచే తీసేయాలి.

ఇవేవీ కాకపోతే "గిట్ రిమోట్ -వి" కొట్టి యూఆర్ఎల్‌ను అక్షరం అక్షరం చూడండి. ఎస్ఎస్‌హెచ్ పొట్టి రూపంలో హోస్ట్ పేరు తర్వాత కోలన్ వస్తుంది, ఆపైన ఓనర్ పేరు. ముందు "ఎస్ఎస్‌హెచ్://" అని రాస్తే మాత్రం హోస్ట్ తర్వాత స్లాష్ ఉండాలి, ఎందుకంటే అక్కడ కోలన్ స్థానం పోర్ట్ నంబర్‌ది. ఈ రెండు రూపాలనూ కలిపి రాసేసి గంటలు పోగొట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. ఇంకోటి: @ గుర్తుకు ముందు ఉండాల్సింది మీ యూజర్‌నేమ్ కాదు, "గిట్" అనే మాటే. గిట్‌హబ్, గిట్‌ల్యాబ్, బిట్‌బకెట్ మూడింటిలోనూ అంతే. మీరెవరో సర్వర్ మీ కీని చూసి తెలుసుకుంటుంది.

నెట్‌వర్క్ దాటడంలో

ఇక్కడ హెచ్‌టీటీపీఎస్‌దే పైచేయి. అది వాడే 443 పోర్ట్‌ను మూసేస్తే వెబ్‌సైట్లే తెరుచుకోవు కాబట్టి ఎవరూ మూయరు. ఎస్ఎస్‌హెచ్ వాడే 22ను మాత్రం ఆఫీసు, కాలేజీ, హోటల్ వైఫైలలో తరచూ మూసేస్తారు. అప్పుడు "కనెక్షన్ టైమ్డ్ అవుట్" వస్తుంది. ఆ మెసేజ్ కనిపిస్తే కీలు మార్చుకుంటూ కూర్చోవద్దు. సంభాషణ కీ దాకా వెళ్లనే లేదు.

దీనికి చక్కని విరుగుడు ఉంది. గిట్‌హబ్ 443 మీద కూడా ఎస్ఎస్‌హెచ్ వింటుంది, కాకపోతే వేరే హోస్ట్ పేరుతో. హోమ్ ఫోల్డర్‌లోని .ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ ఫైల్ తెరిచి ఈ నాలుగు లైన్లు ఇంగ్లిష్ అక్షరాల్లో చేర్చండి:

హోస్ట్ గిట్‌హబ్.కామ్
హోస్ట్‌నేమ్ ఎస్ఎస్‌హెచ్.గిట్‌హబ్.కామ్
పోర్ట్ 443
యూజర్ గిట్

రిమోట్ యూఆర్ఎల్ మార్చక్కర్లేదు. మొదటిసారి హోస్ట్ కీని (సర్వర్ గుర్తింపు కీని) నమ్మాలా అని మళ్లీ అడుగుతుంది. పోర్ట్ మారితే నోన్ హోస్ట్స్ ఫైల్‌లో అది వేరే ఎంట్రీ కాబట్టి అడగడం సహజమే. గిట్‌ల్యాబ్.కామ్, బిట్‌బకెట్‌లకూ ఇలాంటి దారే ఉంది, హోస్ట్ పేర్లు "ఆల్ట్ఎస్ఎస్‌హెచ్"తో మొదలవుతాయి. అయితే కొన్ని ఫైర్‌వాల్‌లు పోర్ట్ నంబర్‌తో ఆగకుండా లోపల నడుస్తున్న ప్రోటోకాల్‌ను కూడా చూస్తాయి. అక్కడ ఇక హెచ్‌టీటీపీఎస్ ఒక్కటే గతి.

ప్రాక్సీ (ట్రాఫిక్‌ను మధ్యలో అందుకుని పంపే సర్వర్) విషయంలో ఒక పొరపాటు మాటిమాటికీ కనిపిస్తుంది. గిట్ కాన్ఫిగ్‌లో "హెచ్‌టీటీపీ.ప్రాక్సీ" పెట్టేసి ఎస్ఎస్‌హెచ్ రిమోట్ ఎందుకు కదలడం లేదని అడుగుతారు. ఆ సెట్టింగ్ పేరులోనే ఉంది, అది హెచ్‌టీటీపీ కోసం. ఎస్ఎస్‌హెచ్‌కి దాని కాన్ఫిగ్‌లో ప్రాక్సీకమాండ్ విడిగా రాయాలి.

హెచ్‌టీటీపీఎస్‌కి కూడా నెట్‌వర్క్‌లో ఒక బలహీనత ఉంది. కొన్ని సంస్థల ప్రాక్సీ ట్రాఫిక్‌ను మధ్యలో విప్పి చూసి తన సర్టిఫికెట్‌తో మళ్లీ మూసి పంపుతుంది. బ్రౌజర్‌కు ఆ సర్టిఫికెట్ తెలుసు, గిట్‌కు తెలియదు. అందుకే బ్రౌజర్‌లో సైట్ తెరుచుకున్నా గిట్‌లో "అనేబుల్ టు గెట్ లోకల్ ఇష్యూయర్ సర్టిఫికెట్" అని వస్తుంది. విండోస్‌లో "హెచ్‌టీటీపీ.ఎస్ఎస్ఎల్‌బ్యాకెండ్"ను "ఎస్‌చానెల్" అని పెడితే గిట్ విండోస్ సర్టిఫికెట్ స్టోర్‌నే చూస్తుంది, సమస్య అక్కడితో పోతుంది. లినక్స్‌లో సంస్థ ఇచ్చే రూట్ సర్టిఫికెట్ ఫైల్‌ను "హెచ్‌టీటీపీ.ఎస్ఎస్ఎల్‌సీఏఇన్ఫో"కు చూపించాలి. ఎస్ఎస్ఎల్ వెరిఫై ఆపేయమనే సలహా ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది. అలా ఆపితే అవతల ఎవరున్నారో చూసుకోకుండానే మీ టోకెన్‌ను (పాస్‌వర్డ్ బదులు వాడేదాన్ని) వాళ్ల చేతిలో పెట్టినట్టే.

వీపీఎన్ మీద ఇంకో వింత ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్ కనెక్ట్ అవుతుంది, కీ మార్పిడి మధ్యలో నోరు మెదపకుండా ఆగిపోతుంది. వెర్బోస్ లాగ్‌లో చివరి లైను "ఎక్స్‌పెక్టింగ్" అని మొదలై "కెఎక్స్" రిప్లై కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటే, పెద్ద ప్యాకెట్లు దారిలో రాలిపోతున్నాయేమో అనుమానించండి. వీపీఎన్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూను (ఒక్క ప్యాకెట్ గరిష్ఠ సైజును) 1500 నుంచి 1300 దగ్గరికి దించి చూడండి.

లాగిన్ దగ్గర

గిట్‌హబ్ 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు అకౌంట్ పాస్‌వర్డ్‌ను ఒప్పుకోవడం మానేసింది. పాస్‌వర్డ్ అడిగిన చోట పర్సనల్ యాక్సెస్ టోకెన్ ఇవ్వాలి, లేదంటే గిట్ క్రెడెన్షియల్ మేనేజర్ బ్రౌజర్ తెరిచి లాగిన్ చేయించాలి. టోకెన్ పేస్ట్ చేసేటప్పుడు తెరమీద ఏమీ కనిపించదు. పేస్ట్ కాలేదనుకుని రెండుసార్లు చేస్తే ఆ టోకెన్ చెల్లదు.

హెచ్‌టీటీపీఎస్‌లో విసిగించేది 403, అంటే అనుమతి లేదనే ఎర్రర్. "పర్మిషన్ టు ఫలానా రిపో డినైడ్ టు ఫలానా" అని వస్తుంది, అందులో రెండో పేరు చూడండి. అది మీ పాత అకౌంటో, ఆ మెషీన్ వాడిన మరొకరి పేరో అయితే, దాచిపెట్టిన క్రెడెన్షియల్ (లాగిన్ వివరం) తప్పుడుది. గిట్ మిమ్మల్ని అడక్కుండానే దాన్ని పంపేస్తోంది. విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్‌లో, మ్యాక్‌లో కీచెయిన్‌లో ఆ హోస్ట్ ఎంట్రీని తీసేయండి. లినక్స్‌లో దాన్ని గుర్తుంచుకునే ఏ హెల్పర్ పెట్టుకున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. "క్యాష్" హెల్పర్ 900 సెకన్లలో తనే మరిచిపోతుంది. "స్టోర్" హెల్పర్ హోమ్ ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్ ఫైల్‌లో టోకెన్ రాసిపెడుతుంది. నలుగురు వాడే మెషీన్‌లో దాన్ని వాడకండి.

పేరు సరిగ్గానే ఉండి 403 వస్తుంటే టోకెన్ హక్కులు చూడాలి. ఫైన్-గ్రెయిన్డ్ టోకెన్‌కు "కంటెంట్స్" కింద రీడ్ అండ్ రైట్ ఉండాలి, ఆ రిపోజిటరీ జాబితాలో ఉండాలి. క్లాసిక్ టోకెన్‌కు "రిపో" స్కోప్ (హక్కుల పరిధి) కావాలి. అన్నీ ఉన్నా ఒకే ఒక పుష్ తిరస్కరణకు గురైతే, ఆ కమిట్‌లో గిట్‌హబ్ యాక్షన్స్ వర్క్‌ఫ్లో ఫైల్ ఏదైనా మారిందేమో చూడండి. దానికి "వర్క్‌ఫ్లో" అనే హక్కు విడిగా అడుగుతుంది. మీ అకౌంట్‌కు చేర్చిన ఎస్ఎస్‌హెచ్ కీకి ఇలాంటి స్కోపుల గొడవే లేదు. మీకు ఏ హక్కులుంటే కీకీ అవే. సౌకర్యం అదే, ప్రమాదమూ అదే: కీ పోతే మీరు పుష్ చేయగలిగే ప్రతి రిపోజిటరీకీ తలుపు తెరిచినట్టే.

"రిపోజిటరీ నాట్ ఫౌండ్" అని వస్తే స్పెల్లింగ్ ఒక్కటే చూసి వదలకండి. ప్రైవేట్ రిపోజిటరీ విషయంలో హక్కు లేనివాళ్లకు గిట్‌హబ్ "లేదు" అనే చెబుతుంది, "నీకు ప్రవేశం లేదు" అని చెప్పదు. ఇది రెండు దారుల్లోనూ ఉంటుంది. సంస్థ సింగిల్ సైన్-ఆన్ పెట్టుకుని ఉంటే టోకెన్‌నైనా కీనైనా ఆ సంస్థకు విడిగా ఆథరైజ్ చేయాలి.

ఇక ఎస్ఎస్‌హెచ్‌లో అందరికీ తెలిసిన "పర్మిషన్ డినైడ్, పబ్లిక్‌కీ". ఊహించడం మానేసి, ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌కు "-వి", పెద్ద అక్షరం "-టి" ఆప్షన్లు చేర్చి "గిట్@గిట్‌హబ్.కామ్"కు నేరుగా కనెక్ట్ అవ్వండి. బారెడు లాగ్‌లో రెండు లైన్లు చాలు: "ఆఫరింగ్ పబ్లిక్ కీ", "సర్వర్ యాక్సెప్ట్స్ కీ". మొదటిది అసలు లేకపోతే మీ ఎస్ఎస్‌హెచ్‌కి కీ కనిపించలేదు. ఫైల్‌కు మామూలు పేరు కాకుండా సొంత పేరు పెట్టుకున్నారు, కాన్ఫిగ్‌లో ఐడెంటిటీఫైల్ రాయలేదు. మొదటిది ఉండి రెండోది లేకపోతే కీ సర్వర్‌లో లేదు, లేదా మీరనుకున్నది కాకుండా వేరే కీ వెళ్తోంది. ఆ లైన్లోనే ఫైల్ పేరు, ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తుపట్టే పొట్టి కోడ్) ఉంటాయి, సెట్టింగ్స్ పేజీలోని ఫింగర్‌ప్రింట్‌తో పోల్చుకోండి. అంతా సవ్యంగా ఉంటే "హాయ్" అని మీ యూజర్‌నేమ్‌తో పలకరించి, షెల్ యాక్సెస్ ఇవ్వబోమని చెప్పి మూసేస్తుంది. అది ఎర్రర్ కాదు, గెలిచినట్టే. పలకరింపులో వేరే పేరు వస్తే ఆ కీ మీ ఇంకో అకౌంట్‌లో ఉంది.

"అన్‌ప్రొటెక్టెడ్ ప్రైవేట్ కీ ఫైల్" అని గట్టిగా అరిస్తే ఫైల్ పర్మిషన్‌ను 600కి, ఫోల్డర్‌ను 700కి మార్చండి. "టూ మెనీ అథెంటికేషన్ ఫెయిల్యూర్స్" అంటే ఏజెంట్ (కీలను దగ్గర పెట్టుకునే ప్రోగ్రాం) తన దగ్గరున్న కీలన్నీ వరసగా చూపిస్తుంటే, అసలు కీ వంతు రాకముందే సర్వర్ తలుపు మూసేసింది. కాన్ఫిగ్‌లో "ఐడెంటిటీస్ఓన్లీ ఎస్" రాస్తే చెప్పిన కీనే చూపిస్తుంది. గిట్‌ను సుడోతో నడపకండి, అప్పుడు అది రూట్ యూజర్ కీలను వెతుక్కుంటుంది. విండోస్‌లో రెండు ఎస్ఎస్‌హెచ్‌లు ఉండొచ్చు, గిట్‌తో వచ్చినది ఒకటి, విండోస్‌ది మరొకటి. ఒకదాని ఏజెంట్‌కు కీ చేర్చి రెండోదానితో పుష్ చేస్తుంటారు. "కోర్.ఎస్ఎస్‌హెచ్‌కమాండ్"లో విండోస్ ఎస్ఎస్‌హెచ్ దారి రాస్తే ఆ తికమక తీరుతుంది.

హెచ్‌టీటీపీఎస్ వాళ్లకు అసలే తెలియని గండం హోస్ట్ కీ మారడం. 2023 మార్చి 24న గిట్‌హబ్ తన ఆర్ఎస్ఏ హోస్ట్ కీని మార్చింది, దాని ప్రైవేట్ భాగం కొద్దిసేపు ఒక పబ్లిక్ రిపోజిటరీలో బయటపడింది కాబట్టి. ఆ కీని నమ్ముకున్న మెషీన్లన్నింటిలో "రిమోట్ హోస్ట్ ఐడెంటిఫికేషన్ హ్యాజ్ చేంజ్డ్" అని పెద్ద హెచ్చరిక వచ్చింది. అలాంటప్పుడు "ఎస్ఎస్‌హెచ్-కీజెన్"కు పెద్ద అక్షరం "-ఆర్" ఇచ్చి పాత ఎంట్రీ తీసేయాలి. కొత్త ఫింగర్‌ప్రింట్‌ను అధికారిక డాక్యుమెంటేషన్‌తో సరిచూశాకే "ఎస్" అనాలి.

పెద్ద పుష్‌లు

"ఆర్‌పీసీ ఫెయిల్డ్", "413" (పంపింది మరీ పెద్దదనే ఎర్రర్) వస్తే "హెచ్‌టీటీపీ.పోస్ట్‌బఫర్"ను 524288000కి పెంచమనే సలహా వినే ఉంటారు. దాని డిఫాల్ట్ 1 ఎంబీ. చాలా సందర్భాల్లో పెంచినా ఒరిగేదేమీ లేదు, మెమరీ దండగ. సొంత సర్వర్ ముందు ఎంజిన్ఎక్స్ అనే వెబ్ సర్వర్ ఉంటే అసలు దోషి అక్కడుంటుంది: "క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్" డిఫాల్ట్‌గా 1 ఎంబీనే. దాన్ని సర్వర్‌లో పెంచాలి, లేదా ఆ పుష్‌ను ఎస్ఎస్‌హెచ్ మీద పంపేయాలి. ఎస్ఎస్‌హెచ్ ట్రాఫిక్‌కు ఎంజిన్ఎక్స్ వెబ్ పరిమితి వర్తించదు కాబట్టి ఇక్కడ ఎస్ఎస్‌హెచ్‌దే గెలుపు.

కానీ ప్రీ-పుష్ హుక్‌లో (పుష్‌కు ముందు గిట్ తానే నడిపే స్క్రిప్ట్‌లో) పది నిమిషాల టెస్టులు నడిపేవాళ్లకు ఎస్ఎస్‌హెచ్ ఎదురుతిరుగుతుంది. గిట్ ముందు కనెక్షన్ తెరిచి, ఆ తర్వాత హుక్ నడుపుతుంది. టెస్టులు అయ్యేలోగా ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను అవతలివాళ్లు తెంపేస్తారు. "సర్వర్‌అలైవ్‌ఇంటర్వెల్ 60" చాలాసార్లు కాపాడుతుంది. హెచ్‌టీటీపీఎస్‌లో ఒక్కో దశకు ఒక్కో రిక్వెస్ట్ కాబట్టి ఈ బాధ లేదు.

ఏది ఎవరికి

రోజూ పుష్ చేసే సొంత మెషీన్‌లో ఎస్ఎస్‌హెచ్ పెట్టుకోండి, ఈడీ25519 కీ, దానికి పాస్‌ఫ్రేజ్, కాన్ఫిగ్‌లో 443 దారి సిద్ధంగా. కఠినమైన ప్రాక్సీ వెనక ఉన్నవాళ్లకు, కొద్దిరోజుల కోసం వాడే మెషీన్‌కు హెచ్‌టీటీపీఎస్, తక్కువ గడువున్న టోకెన్. బిల్డ్ సర్వర్‌కు ఒక్క రిపోజిటరీయే అవసరమైతే డిప్లాయ్ కీ మేలు. వ్యక్తి టోకెన్ పెడితే ఆ మనిషి సంస్థ వదిలినరోజు బిల్డ్ ఆగుతుంది. డిప్లాయ్ కీ ఒక్క రిపోజిటరీకే పనిచేస్తుంది, పైగా రైట్ యాక్సెస్ టిక్ పెట్టకపోతే పుష్ చేయదు.

రెండూ కలిపి కూడా వాడుకోవచ్చు. గిట్ కాన్ఫిగ్‌లో "పుష్‌ఇన్‌స్టెడ్ఆఫ్" రాస్తే ఫెచ్ హెచ్‌టీటీపీఎస్ మీద, పుష్ ఎస్ఎస్‌హెచ్ మీద వెళ్తాయి. పబ్లిక్ రిపోజిటరీలకైతే ఫెచ్‌కు లాగిన్ కూడా అక్కర్లేదు. పెట్టాక "గిట్ రిమోట్ -వి"లో ఫెచ్, పుష్ లైన్లలో వేర్వేరు యూఆర్ఎల్‌లు కనిపించాలి. రెండూ ఒకేలా ఉంటే ఆ రిమోట్‌కు ఎప్పుడో విడిగా పుష్‌యూఆర్ఎల్ ఇచ్చి ఉంటారు. అది ఉన్నచోట ఈ సెట్టింగ్ పనిచేయదు.