పదేళ్ల వాడకం తర్వాత: డబ్బాలో సీ, టేబుల్ మీద పైథాన్

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు టెంపరేచర్ చూసే డబ్బాలు చేసిస్తాం. డబ్బాలోని చిప్పుకి ప్రోగ్రామ్ సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తాను. ఆ డబ్బాలు పంపిన అంకెలన్నీ కూర్చి నెలాఖరు రిపోర్టు తీసే పని పైథాన్ అనే ఇంకో భాషది. ఈ రెండింటితో పదేళ్లకు పైగా కాపురం చేస్తున్నాను. ‘లో లెవెల్ (యంత్రానికి దగ్గరి భాష) అయితే వేగం, హై లెవెల్ (మనిషికి దగ్గరి భాష) అయితే తేలిక’ అని కాలేజీలో రాసిన రెండు మార్కుల జవాబు తప్పని అనను గానీ, నన్ను అర్ధరాత్రి నిద్ర లేపిన సంగతి మాత్రం అందులో లేదు.

అదేమిటో చెప్తాను. మేం వాడే ఆర్డుయినో ఊనో అనే చిన్న చిప్పు బోర్డులో ఇంట్ (సీలో పూర్ణాంకాన్ని దాచే రకం) అంటే రెండు బైట్ల చోటు. −32,768 నుంచి 32,767 దాకా పడుతుంది, అంతకు మించి పట్టదు. దశాంశాల గొడవ ఎందుకని టెంపరేచర్‌ని పదితో గుణించి దాచేవాణ్ణి: −15.0 అయితే −150. అలాంటివి 200 రీడింగులు కూడి, 200తో భాగిస్తే సగటు. ఇంట్లో ఫ్రిజ్ కింది అరలో పెట్టి చూశాను. నాలుగు డిగ్రీలు, బ్రహ్మాండంగా చూపించింది. డబ్బా కొన్నవాళ్లు కోల్డ్ స్టోరేజీ గదిని −15 దగ్గర నడిపేవారు. మొత్తం −30,000 కాబట్టి అదీ పట్టింది. ఆర్నెల్లు ఒక్క ఫోన్ కూడా రాలేదు.

తర్వాత రొయ్యల లోడు వచ్చిందని గదిని −18కి దించారు. ఇప్పుడు మొత్తం −36,000. రెండు బైట్లలో పట్టక, అటు చివరి నుంచి చుట్టు తిరిగొచ్చి 29,536 అయి కూర్చుంది. దాన్ని 200తో భాగిస్తే 147. అంటే 14.7 డిగ్రీలు! రాత్రి రెండింటికి అలారం మోగింది, వెంటనే సూపర్‌వైజర్ ఫోను: “ఏటి తమ్ముడూ, నీ డబ్బా పద్నాలుగు డిగ్రీలంటంది, ఇక్కడ సేతులు గెడ్డకట్టీస్తన్నాయి!”

రెండు రోజులు సెన్సర్‌ని తిట్టాను, వైరింగ్ మార్చాను. చివరికి ఉప్పుగాలి మీద నింద వేశాను (హార్బర్ దగ్గర కనెక్టర్లు చిలుము పట్టడం నిజమే, మాకు ఎప్పుడూ చేతిలో ఉండే సాకు కూడా అదే). అసలు మందు ఒక్క మాట: ఇంట్ తీసి లాంగ్ (ఇంకా పెద్ద అంకెలు పట్టే రకం) అని రాయడం. నన్ను ఇప్పటికీ బాధించేది తప్పు కాదు, ఆ నిశ్శబ్దం. ఎర్రర్ లేదు, లైను నంబరు లేదు. పైగా అంకె ఇలా చోటు చాలక పొంగితే ఏమవుతుందో సీ నిబంధనల్లో హామీయే లేదు. మా చిప్పులో చుట్టు తిరిగింది, ఇంకోచోట ఇంకేదైనా జరగొచ్చు.

పైథాన్‌లో ఈ బెడద లేదు. అంకె పెరిగితే దాని చోటూ పెరుగుతుంది. అయితే ఆ సుఖానికి అద్దె కట్టాలి. నా 64 బిట్ల కంప్యూటర్‌లో చిన్న అంకెకి కూడా పైథాన్ 28 బైట్లు తీసుకుంటుంది. ఊనోలో ఉన్న ర్యామ్ మొత్తం 2 కిలోబైట్లు. 200 వేర్వేరు రీడింగులు పెడదామంటే 5,600 బైట్లు కావాలి, ఇంక ప్రోగ్రామ్ ఎక్కడ కూర్చుంటుంది?

పైథాన్ మీద నా ఫిర్యాదు వేరు. ఒకసారి సెన్సర్ వైరు ఊడి, ఫైల్లో అంకె ఉండాల్సిన చోట ‘ఎన్ఏ’ (రీడింగ్ లేదు) అని పడింది. రిపోర్టు గంటసేపు నడిచి, సరిగ్గా ఆ లైను దగ్గర కూలింది. ఆ లైను దాకా వెళ్లేవరకు పైథాన్‌కీ తెలియదు మరి. టెన్షన్ పడ్డాను గానీ, ఏ ఫైలు ఏ లైనో చెప్పి మరీ ఆగింది. పది నిమిషాల్లో సరిచేశాను. అసలు తలనొప్పి పైథాన్ 2 నుంచి 3కి మారడం. 7ని 2తో భాగిస్తే పాతది 3 అనేది, కొత్తది 3.5 అంటుంది. పాత రిపోర్టుల్లో సగట్లన్నీ మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది. 2020 జనవరి 1తో పాతదానికి సపోర్టు ఆగిపోయింది కాబట్టి మారక తప్పలేదు. అప్పటి నా సీ ప్రోగ్రామ్ మాత్రం ఒక్క అక్షరం మార్చకుండా ఇవాళ్టికీ కంపైల్ అవుతుంది (చిప్పు భాషలోకి మారుతుంది). వయసు విషయంలో నా ఓటు సీకే.

మా షెడ్డుకి ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలు సీని ‘లో లెవెల్ సార్’ అంటే నవ్వొస్తుంది. మేం 8085 అనే పాత ప్రాసెసర్ కిట్ మీద 5కి 3 కలపడానికి 3ఈ, 05, 06, 03, 80, 76 అని యంత్రం సంకేతాలే ఒక్కో మీటా నొక్కినవాళ్లం. ఒకటి తప్పితే మళ్లీ మొదటికే. దాని పక్కన సీ రాజభోగం. డెనిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో సీని తయారుచేసిన 1970ల మొదట్లో అది హై లెవెలే. 1973లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని అసెంబ్లీ (యంత్రం సంకేతాలకు పొట్టి పేర్లు పెట్టిన భాష) నుంచి సీలోకి తిరగరాశారు. ఇప్పుడు మనం ధీమాగా వాడే మామూలు పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ని (పైథాన్ ప్రోగ్రామ్‌ని నడిపించేదాన్ని) రాసిందీ సీలోనే.

ఎవరైనా ఏది నేర్చుకోమంటారని అడిగితే, ముందు పైథాన్ అంటాను. చిప్పులతో పనిపడే రోజు వచ్చినప్పుడు సీ. అసెంబ్లీ మాత్రం సరదా ఉంటేనే.

ఈమధ్య ఈఎస్పీ32 అనే ఇంకో చిప్పు బోర్డులో మైక్రోపైథాన్ (చిన్న చిప్పుల కోసం చేసిన పైథాన్) వేసి చూస్తున్నాను. 520 కిలోబైట్ల ర్యామ్ ఉంది కాబట్టి ఇరుకు లేదు. మధ్యలో చెత్త ఎత్తుకోవడానికి (పని అయిపోయిన మెమరీని ఖాళీ చేసుకోవడానికి) క్షణం ఆగుతుంది, టెంపరేచర్‌కి దాంతో ఇబ్బంది లేదు. కంప్రెసర్ పల్సులు లెక్కపెట్టే డబ్బాలకు మాత్రం ఇప్పటికీ సీనే. ఏది రాసినా, పంపే ముందు మా వీధి చివరి ఐస్‌క్రీమ్ కొట్టు ఫ్రీజర్‌లో ఒక రాత్రి ఉంచుతున్నాను. కొట్టాయన ఏమీ అనడు, పొద్దున్నే రెండు కప్పులు కొనాలంతే.