అక్రిలమైడ్ ఆర్డర్ పెట్టేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తానేమోనని భయం. ల్యాబ్‌లకు కెమికల్స్ పంపే ఆ సెల్లర్ గురించే. "ఒరిజినల్ ప్యాక్, ఒరిజినల్ ప్యాక్" అని ఊదరగొడతాడే, అతనే. పేరు రాయను, కొనేవాళ్లకు చెప్పక్కర్లేదు.

మేం అడిగింది ప్రొటీన్లు, డీఎన్ఏ ముక్కలు విడదీసే జెల్స్‌కి వాడే 40 శాతం రెడీమేడ్ అక్రిలమైడ్ ద్రావణం, 29:1ది (29 పాళ్ల అక్రిలమైడ్‌కి ఒక పాలు బిస్-అక్రిలమైడ్). పౌడర్ తూచే గొడవ ఉండకూడదనే కదా రెడీమేడ్ కొనేది. వచ్చింది 500 గ్రాముల అక్రిలమైడ్ పౌడర్. పోనీ, సరుకు మారిపోవడం ఎక్కడైనా జరిగేదే అనుకుందాం. పెట్టె తెరిస్తే సీసాకి కనీసం ఒక ప్లాస్టిక్ కవర్ కూడా లేదు. సీల్ లేదు. మూత సగం మర తిరిగి వంకరగా ఆగిపోయింది. మర చుట్టూ, సీసా భుజాల మీద, అడుగున మడిచి పెట్టిన బిల్లు మడతల్లో పంచదారలా తెల్లటి పలుకులు. లేబుల్ అంచు లేచిపోయి ఉంటే కింద ఇంకో లేబుల్ కనిపించింది. సోడియం క్లోరైడ్‌ది! ఉప్పు సీసాలో విషం నింపి పంపారన్నమాట. పుర్రె గుర్తు ఉండాల్సిన చోట బార్‌కోడ్ ఉంది. బ్యాచ్ నంబర్ లేదు, సేఫ్టీ షీట్ లేదు.

తెరిచింది కొత్తగా చేరిన అమ్మాయి, ఉత్త చేతులతో. కొరియర్ పెట్టె విప్పడానికి గ్లవ్స్ ఎవరు వేసుకుంటారు? ఈ పదార్థానికి వాసన ఉండదు, తగిలితే చురుక్కుమనాలని కూడా లేదు. చర్మం గుండా నెమ్మదిగా ఒంట్లోకి దిగిపోతుంది. దెబ్బ నరాలకి. వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం, చుర్రుమనడం, కాళ్లలో బలం తగ్గడం, అవి కూడా వెంటనే కనపడవు. క్యాన్సర్ సంగతి సరేసరి, 1994 నుంచీ ఐఏఆర్‌సీ (అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ) జాబితాలో 2ఏ వర్గంలో, అంటే మనుషులకు బహుశా క్యాన్సర్ తెచ్చేవాటిలో ఉంది. ఆ పిల్ల సబ్బుతో చేతులు కడుక్కుంటూనే ఉంది, నాకు టెన్షన్‌తో నోట మాట రాలేదు.

అప్పుడు ఫోన్ చేశాను. అవతలాయన నవ్వాడు. నిజంగా నవ్వాడు. "మేడమ్, మీరు చిప్స్ తినరా? అందులో కూడా అక్రిలమైడే ఉంటుంది. అంత భయమైతే ల్యాబ్ ఎందుకు?" అని.

ఉంటుంది సార్. చిప్స్‌కి యూరప్ పెట్టిన ప్రమాణం కిలోకి 750 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాము కూడా కాదు. ఆ లెక్కన మీరు మూత సరిగ్గా పెట్టకుండా పంపిన సీసాలో ఉన్నది 650 టన్నులకు పైగా చిప్స్‌లో ఉండేంత. అసలు వేపుళ్లలో ఇది ఉందని ఎలా బయటపడిందో కూడా వినండి. 1997లో స్వీడన్‌లో హాలండ్సోస్ సొరంగంలో నీటి ఊటలు ఆపడానికి అక్రిలమైడ్ ఉన్న మిశ్రమం నింపారు. అది వాగులో కలిసి చేపలు చచ్చిపోయాయి, ఆవులు చచ్చుబడిపోయాయి, కార్మికులకు నరాల తిమ్మిర్లు వచ్చాయి. వాళ్ల రక్తం పరీక్షిస్తుంటే సొరంగం దరిదాపులకు వెళ్లనివాళ్ల రక్తంలోనూ దీని ఆనవాళ్లు దొరికాయి. ఎక్కడిదా అని వెతికితే 2002లో చిప్స్ సంగతి తేలింది. మీ జోకు వెనకున్న కథ అది.

రీఫండ్ అడిగితే సీసా సీల్ తీయకుండా వెనక్కి కొరియర్ చేయమన్నారు. లేని సీల్‌ని ఎలా తీయకుండా ఉంచాలో కూడా చెప్పి ఉంటే బాగుండేది. చవగ్గా వస్తోందని ఆశపడ్డ నాకు ఈ శాస్తి కావాల్సిందేలెండి.

కొనేవాళ్లు బ్యాచ్ నంబర్, సేఫ్టీ షీట్ ముందే అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. పెట్టె ఫ్యూమ్ హుడ్‌లోనే (ల్యాబ్‌లో గాలిని బయటికి లాగేసే అర), నైట్రైల్ గ్లవ్స్‌తో తెరవండి. ఒలికితే పొడిగా ఊడ్వకండి, దుమ్ము లేస్తుంది, తడి కాగితంతో అద్ది తీయండి. ఆ కాగితం, పెట్టె, బిల్లు రెండు కవర్లలో కట్టి ప్రమాదకర వ్యర్థాల్లోకే. గట్టిపడిన జెల్‌లోనూ కాస్త మోనోమర్ (గొలుసుల్లో కలవని విడి అక్రిలమైడ్) మిగిలే ఉంటుంది, దాన్నీ ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. ఆ, ఇంకోటి, పౌడర్‌ని వేడి దగ్గర పెట్టకండి. 84 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగిందంటే ఒక్కసారిగా పాలిమరైజ్ అయి (అణువులు గొలుసులుగా అతుక్కుని, వేడి పుట్టి) సీసా పగలొచ్చు.