ఆర్బిట్ ప్రాజెక్టుకు ఆర్‌కే4 మేలా, లీప్‌ఫ్రాగ్ మేలా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల టైం వచ్చిందంటే నల్గొండ నుంచి, పాలమూరు నుంచి నాకు ఒకటే ప్రశ్న. "సార్, గ్రహాల కక్ష్య కంప్యూటర్ల నడపాలె, ఆర్‌కే4 రాయాల్నా, లీప్‌ఫ్రాగ్ రాయాల్నా?" ఈ నెలల్నే ఆరుగురు అడిగిన్రు, ఏడోది మా మేనకోడలు. ఒక్కొక్కరికి ఫోన్‌ల చెప్పేకంటే ఒక్క దగ్గర రాసిపెడ్తే అందరికి పనికొస్తది. పైథాన్‌ల లూప్ రాసుడు, న్యూటన్ సూత్రం మీకు తెల్సు అనుకునే రాస్తున్న. ఈ రెండు గూడ కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా కోసి, ఒక్కో అడుగుకు వస్తువు స్థానం, వేగం లెక్కకట్టే పద్ధతులు; ఆర్‌కే4 అంటే నాలుగో ఆర్డర్ రుంగె-కుట్టా.

ఇప్పటి వేగంతోని స్థానం, ఇప్పటి బలంతోని వేగం మార్చుకుంట పోయే ఆయిలర్ పద్ధతి అన్నిటికంటే సాదాది, దాని గురించి ఎక్కువ చెప్పేది లేదు. కక్ష్యకు అది వద్దు. అయితే వేగం ముందు మార్చి, ఆ కొత్త వేగంతోని స్థానం మార్చిన్రనుకోండి, అంటే కోడ్‌ల రెండు లైన్లు కిందిమీద చేసిన్రనుకోండి, అదే ఆయిలర్ పనికొచ్చేటట్టు అయితది. ఎందుకో కిందికి పోతే తెలుస్తది.

మేనకోడలి ప్రాజెక్టు ఏందంటే, సూర్యుని నుంచి 2.5 ఆస్ట్రనామికల్ యూనిట్ల (భూమికి సూర్యునికి ఉన్న దూరానికి రెండున్నర రెట్లు) దూరంల ఒక గ్రహశకలం. గురుగ్రహం ఒక్కసారి తిరిగే లోపల అది మూడుసార్లు తిరుగుతది, ఆ దూరంల గ్రహశకలాలు దాదాపు లేవు, ఖాళీ. ఎందుకు ఖాళీ అనేది చూడాలె. ఆర్‌కే4 శుద్ధంగా రాసింది, అడుగు 0.2 సంవత్సరం పెట్టింది, అంటే ఒక్క చుట్టుకు సుమారు 20 అడుగులు. రాత్రి పదకొండింటికి ఫోన్: "మామా, శకలం లోపలికి జారుతుంది, గురుగ్రహమే లాగుతున్నట్టుంది." గురుగ్రహం బరువు సున్నా పెట్టి మళ్ల నడుపమ్మా అన్న. పది నిమిషాలకు మళ్ల ఫోన్, "మామా, ఇప్పుడు గూడ జారుతుంది." సూర్యుడు, శకలం ఇద్దరే ఉన్నప్పుడు జారడానికి కారణమే లేదు. జార్చేది గురుగ్రహం కాదు, ఆర్‌కే4.

కోడ్‌ల తప్పు లేదు. పద్ధతి గుణమే అది. దీన్ని చేతితోని లెక్క కట్టి చూడొచ్చు, కక్ష్య బదులు మామూలు స్ప్రింగ్ తీసుకోండి, ఒక్క ఊపుకు 20 అడుగులు. ఆయిలర్‌ల ఒక్క ఊపు అయ్యేసరికి ఎనర్జీ ఆరున్నర రెట్లు అయితది, మిత్తి మీద మిత్తి పెరిగినట్టు. ఆర్‌కే4ల ఒక్క ఊపుకు పోయేది పదివేలల్ల మూడు వంతులు గూడ కాదు, గ్రాఫ్‌ల కంటికి ఆనదు. గని వెయ్యి ఊపులు అయినంక చూస్తే ఎనర్జీల 23 శాతం పోయింటది. పొలం ఒడ్డుకు ఎండ్రకాయ బొక్క పడ్డట్టు, నిలబడి చూస్తే నీళ్లు పోతున్నట్టే అనిపించదు, తెల్లారి వోతే మడి ఎండింటది.

లీప్‌ఫ్రాగ్‌ల అట్ల కాదు. అడుగు మధ్యల వేగం, అడుగు చివర స్థానం, ఒకదాని మీంచి ఒకటి కప్ప దుంకినట్టు దుంకుతయి. బలం లెక్క అడుగుకు ఒక్కసారే, ఆర్‌కే4కు నాలుగుసార్లు కావాలె. అందుకని సమానంగా పోల్చాలంటే లీప్‌ఫ్రాగ్‌కు ఊపుకు 80 అడుగులు ఇయ్యాలె, అప్పుడు ఇద్దరి ఖర్చు ఒకటే. ఆ లెక్కన దాని ఎనర్జీ 0.15 శాతం లోపల కిందికి మీదికి ఊగుతది, వెయ్యి ఊపులైనా పదిలక్షల ఊపులైనా ఆ 0.15 దాటదు. ఎందుకంటే అది మీరిచ్చిన స్ప్రింగును ఉజ్జాయింపుగా నడుపుతలేదు, దానికి బాగా దగ్గరున్న ఇంకో స్ప్రింగును ఖచ్చితంగా నడుపుతుంది. ఆ రెండో స్ప్రింగు ఎనర్జీ పోనే పోదు. పైన చెప్పిన, రెండు లైన్లు కిందిమీద చేసిన ఆయిలర్ గూడ ఈ జాతిదే, అందుకే అది పనికొస్తది. నాకు ఈ సంగతి మొదటిసారి అర్థమైన రోజు ఎంత సంతోషం అయిందో ఇప్పటికీ యాదికుంది. రాసిన నాలుగు లైన్ల కోడ్ ప్రకృతి నియమాన్ని తనంతట తాను కాపాడుతుంది, మనం ఎక్కడా కాపాడుమని చెప్పలే.

ఇది కొత్తది గూడ కాదు. అణువుల సిమ్యులేషన్‌కు వెర్లే 1967ల వాడిండు, అంతకుముందే 1907ల స్టోర్మర్ ధ్రువకాంతి కోసం వాడిండు, 1687ల న్యూటన్ సమాన వైశాల్యాల నిరూపణల బలాన్ని తడవతడవకు ఒక్కో దెబ్బగా ఇచ్చుకుంట పోయింది గూడ ఇదే పోకడ.

మరి ఆర్‌కే4 దండగా అంటే కాదు. టైం సంగతికొస్తే అదే గెలుస్తది. ఆ వెయ్యి ఊపుల తర్వాత లీప్‌ఫ్రాగ్ స్ప్రింగు పావు ఊపు ముందుకు పోయింటది, ఆర్‌కే4ది పదోవంతు ఊపు తేడా గూడ రాదు. కక్ష్యలల్ల అయితే లీప్‌ఫ్రాగ్‌తోని దీర్ఘవృత్తమే మెల్లగ తిరుగుతది, బుధునికి వందేండ్లకు 43 ఆర్క్‌సెకండ్ల ఐన్‌స్టీన్ తేడా చూపించే ప్రాజెక్టు చేసేటోళ్లు ఈ దొంగ తిరుగుడును అసలుది అనుకుంటే కష్టం, అడుగు బాగా చిన్నది పెట్టాలె. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పోయింది గదా, అసొంటిది ఏ నిమిషానికి పడ్తది అనే ప్రశ్నకు ఎక్కువ ఆర్డర్ పద్ధతులే (అడుగు చిన్నది చేస్తే తప్పు ఇంకా జల్ది తగ్గేవి, ఆర్‌కే4 అసొంటివి) దిక్కు. గని ఒక మాట, కక్ష్యల ఎనర్జీ కారితే కక్ష్య సైజు మారి ఒక్క చుట్టుకు పట్టే కాలం గూడ మారుతది, కెప్లర్ మూడో నియమం. అందుకే ఎక్కువ కాలం నడిపిన్రంటే ఆర్‌కే4 టైం తప్పు కాలం వర్గంతోని పెరుగుతది, లీప్‌ఫ్రాగ్‌ది కాలంతోనే పెరుగుతది. ఏదో ఒక దగ్గర టైంల ఆర్‌కే4కున్న పైచేయి గూడ పోతది.

గాలి రాపిడి ఉన్న శాటిలైటు, రాకెట్, నక్షత్రం లోపలి పీడనం కేంద్రం నుంచి పైదాకా లెక్కకట్టుడు, శ్వేతకుబ్జం (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రం) బరువు హద్దు, ఇసొంటి వాటికి నిశ్చింతగా ఆర్‌కే4 రాయండి. అక్కడ కాపాడాల్సిన ఎనర్జీ లేదు, లక్షల చుట్లు లేవు.

హాలీ తోకచుక్క తీసుకున్నోళ్లకు వేరే చిక్కు. సూర్యుని దగ్గర సెకండుకు 54 కిలోమీటర్లు, దూరాన ఒక్క కిలోమీటరు గూడ ఉండదు, ఒకే అడుగుతోని నడవదు. అట్లని లీప్‌ఫ్రాగ్‌ల అడుగు ఇష్టమొచ్చినట్టు మార్చిన్రంటే దాని గుణం పోతది. కక్ష్యలు నడిపే రీబౌండ్ అనే ప్యాకేజీ పెట్టుకొని, అందుల అడుగును తనే మార్చుకునే ఐఏఎస్15 పద్ధతి వాడండి. పైథాన్ లైబ్రరీ సైపైల సాల్వ్‌ఐవీపీ (solve_ivp) వాడేటోళ్లు ఆర్‌టాల్ (rtol, ఎంత తప్పు ఒప్పుకోవాలె అనే సెట్టింగు) అట్లనే వదిలేయకండి, మీరు మార్చకుంటే అది వెయ్యిల ఒక వంతు మీద ఉంటది, కక్ష్యలకు ఏం చాలదు.

మీది ఏ ప్రాజెక్టు అయినా ఒక్క పని ముందు చేయండి. వస్తువు ఎక్కడుందో గీసే గ్రాఫ్ పక్కన ఎనర్జీ గ్రాఫ్ గూడ పెట్టండి. ఒక్క దిక్కే వంగుతుంటే ఆగిపోండి.

మేనకోడలు లీప్‌ఫ్రాగ్‌కు మారింది. ఆ ఖాళీల శకలం దీర్ఘవృత్తం లక్షల ఏండ్లు గుండ్రంగనే ఉండి ఒక్కసారి సాగిపోవచ్చని 1980లల్ల జాక్ విజ్డమ్ అనే శాస్త్రవేత్త చూపించిండు, అంటే అంత కాలం కారకుండ నడిపితేనే ఆ దుంకుడు అసలుదా, లెక్కదా తెలుస్తది. నిన్న రాత్రి పంపిన గ్రాఫ్‌ల ఎనర్జీ గీత సన్నగ వణుక్కుంట ఎటూ వంగకుండ అడ్డంగ పోతుంది, శకలం ఇంకా 2.5 దగ్గర్నే ఉంది, లాప్‌టాప్ నడుస్తనే ఉంది.