త్రోట్ మైక్: గ్రానైట్ క్వారీలో రెండేళ్లు వాడాక

ఒంగోలు దగ్గరి చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లకు చప్పుడు గురించి చెప్పక్కర్లేదు. కంప్రెసర్, జాక్ హ్యామర్లు, రాయి కోసే వైర్ సా, తవ్వే ప్రొక్లెయిన్ అన్నీ ఒకేసారి నడుస్తుంటాయి. చెవికి 85 డెసిబెల్స్ దాటితేనే ప్రమాదం మొదలైనట్టు లెక్క. జాక్ హ్యామర్ పక్కన అది 100 దాటిపోతుంది. ఆ చప్పుడులో గోతి అడుగున పని చూసుకునే మేట్ చెప్పే మాట పైన డెరిక్ క్రేన్ ఆపరేటర్‌కి చేరాలి. మన గెలాక్సీ రాయి, అంటే ఇక్కడి నల్ల గ్రానైట్, క్యూబిక్ మీటరుకు మూడు టన్నుల దాకా తూగుతుంది. అలాంటి బ్లాక్ గాలిలో వేలాడుతున్నప్పుడు సగం వినపడిన మాట అసలు వినపడని మాట కంటే ప్రమాదం.

మామూలు వాకీటాకీలో నా మాట కంటే కంప్రెసర్ మోతే ఎక్కువ వెళ్లేది. నోటి ముందుకు వచ్చే మైకు హెడ్‌సెట్ కూడా వాడి చూశాను. చప్పుడు కొంత తగ్గింది కానీ దాని స్పాంజిలోకి రాతి పొడి చేరి పదే పదే మూసుకుపోయేది. ఆ తర్వాత వాకీటాకీకి తగిలించుకోవడానికి కొన్నదే ఈ త్రోట్ మైక్. రెండేళ్లు దాటింది, ఇప్పటికీ అదే వాడుతున్నాను.

మెడ చుట్టూ సన్నని పట్టీ, గొంతుముడికి రెండు పక్కలా చర్మానికి ఆనుకుని రెండు చిన్న బిళ్లలు. మాట్లాడేటప్పుడు గొంతులో స్వరతంత్రులు అదురుతాయి. ఆ అదురు కండరం, చర్మం దాటి బయటికి వస్తుంది. బిళ్లలు పట్టుకునేది దాన్నే. గాలిలో వచ్చే మోతను దాదాపు పట్టించుకోవు. ఇది కొత్త ఆలోచనేం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్ విమానాల సిబ్బంది టీ-30 అనే త్రోట్ మైక్ మెడకు కట్టుకునేవారు. అందులో బొగ్గు రేణువులు నింపిన రెండు బిళ్లలు ఉండేవి. సోవియట్ ట్యాంకుల సిబ్బంది టోపీలకూ ఇలాంటివే ఉండేవి. ఇంజన్ మోతలో మాట వినపడాలన్న అవసరం వాళ్లదీ మాదీ ఒకటే.

చప్పుడును ఆపే విషయంలో దీనికి నేను పూర్తి మార్కులు వేస్తాను. కంప్రెసర్ పక్కనే నిలబడి మాట్లాడినా పైన ఆపరేటర్‌కి నా గొంతు ఒక్కటే వినపడుతుంది. అంతకంటే పెద్ద మేలు ఇంకొకటి ఉంది. అరవాల్సిన పని తప్పింది. ఇదివరకు సాయంత్రానికి గొంతు బొంగురుపోయి, ఇంట్లో పిల్లలతో మాట్లాడ్డానికి కూడా ఓపిక ఉండేది కాదు. ఇప్పుడు పక్కవాడితో మాట్లాడినట్టు మామూలుగా మాట్లాడితే చాలు. ఒక్క ఈ కారణానికే రోజంతా అరుస్తూ పనిచేసే ప్రతి మేట్ దగ్గరా ఇది ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఇక లోపం. కొనేవాళ్లు బాగా అర్థం చేసుకోవాల్సింది ఇదే. ఈ మైకుకు గొంతులో పుట్టే శబ్దమే తెలుసు, నోట్లో పుట్టేది తెలియదు. బడిలో పరుషాలు, సరళాలు అని చదివాం కదా. గ, జ, డ, ద, బ పలికేటప్పుడు స్వరతంత్రులు అదురుతాయి. క, చ, ట, త, ప పలికేటప్పుడు అదరవు, అక్కడ పనంతా నాలుకది, పెదవులది. శ, ష, స కూడా అంతే. దానికి తోడు, మాటలోని సన్నని శబ్దాలను గొంతు కండరమే చాలావరకు మింగేస్తుంది. అందుకే అవతలివాళ్లకు మన మాట బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు వినపడుతుంది. అచ్చులు బాగానే వస్తాయి, పరుషాలు పోతాయి.

క్వారీలో దీని అర్థం ఏమిటంటే, "పైకి" అంటే అవతల "ఐ... ఇ" అని వినపడుతుంది. "లేపు", "ఆపు" అనే రెండు మాటల్లోనూ "పు" పోతుంది. ఎత్తమనే మాటకూ ఆపమనే మాటకూ మధ్య ఒక్క అక్షరం తేడా మిగిలితే ఎంత టెన్షనో ఆలోచించండి. అందుకే మేం మాటలే మార్చుకున్నాం. లేపమనడానికి "మీదికి" అంటాం, ఆపమనడానికి "ఆగాగు" అంటాం. "కొంచెం కొంచెంగా" అనేది మానేసి "మెల్లగా" అంటాం. "దించు", "ఎడమ" అనేవి అలాగే ఉంచాం, వాటితో ఇబ్బంది లేదు. ఈ కాసిని మాటలు ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు కూడా తొందరగానే నేర్చుకున్నారు. మా క్రేన్ మీద ఉండే పెద్దాయన ఓసారి రేడియోలోనే అన్నాడు: "అబ్బాయ్, నువ్వు మీదికి అంటే ఒక్కసారికే తెలుస్తోంది. ఇక ఆ మాట మార్చబాకు."

మాటలు కుదిరాక కూడా చేతి సైగలు మానలేదు. మానకూడదు కూడా. రేడియోలో మాట తెగిపోతే, అనుమానం వస్తే, ఆపరేటర్ ఆపేయాల్సిందే. బ్లాక్ నంబర్లు, కొలతలు మాత్రం ఈ మైకులో చెప్పను, ఫోన్లో టైప్ చేసి పంపుతాను. అంకెలు ఒకటికి రెండుగా వినపడే చోట దీన్ని నమ్మడం మంచిది కాదు.

ఒంగోలు వైపు ఎండలు మీకు తెలిసినవే. మే నెలలో పట్టీ కింద చెమట పట్టి, దానికి రాతి పొడి తోడై, చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. మధ్యాహ్నం తీసి, మెడనూ బిళ్లలనూ తడిగుడ్డతో తుడిచి, ఆరాక పెట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. పట్టీ వదులైతే మాట సన్నగిల్లుతుంది, బిగిస్తే మింగడం కష్టమవుతుంది. సన్నటి మెడవాళ్లకు బిళ్లలు సరిగ్గా ఆనవు. మా దగ్గర ఒకాయనకు ఎంత సర్దినా కుదరక వదిలేశాడు. కొనేముందు కాసేపు కట్టుకుని చూడటం అందుకే అవసరం.

మాట్లాడగానే దానంతటదే ఆన్ అయ్యే వీఓఎక్స్ సదుపాయాన్ని నేను ఆపేశాను. దగ్గినా, గుటక వేసినా, నోట్లో కిళ్లీ ఉన్నా లైను తెరుచుకుంటుంది. ఆ క్షణంలో ఇంకొకరు "ఆగాగు" అంటే ఎవరికీ వినపడదు. నొక్కి మాట్లాడే బటనే మేలు. ఇంకో మాట, దీంతో వచ్చే చిన్న ఇయర్‌పీస్ చెవికి రక్షణ కాదు. దాని మీద ఇయర్‌మఫ్ పెట్టుకోవాలి.

ఇంట్లో, ఆఫీసులో ఫోన్ కాల్స్ కోసం కొందామనుకునేవాళ్లకు వద్దనే చెబుతాను. దీంతో ఫోన్ చేస్తే మా ఆవిడ "జలుబు చేసిందా ఏంటండీ?" అని అడిగింది. వాయిస్ టైపింగ్ అయితే తప్పుల తడక. మాట స్పష్టత పెంచే పని మనవాళ్లూ చేశారు. ఐఐటీ మద్రాసులోను, తర్వాత హైదరాబాదు ట్రిపుల్ ఐటీలోను పనిచేసిన బి. యజ్ఞనారాయణ గారు, ఎ. షాహినా గారు 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. త్రోట్ మైక్ స్వరాన్ని న్యూరల్ నెట్‌వర్క్‌తో (ఉదాహరణల నుంచి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్) మామూలు మైకు స్వరానికి దగ్గరగా మార్చే పద్ధతి అది. నా పట్టీలో అలాంటిదేమీ లేదు. మన భాషల్లో క్రేన్ మేట్‌కి పనికొచ్చేలా ఎవరైనా తయారుచేస్తే ముందుగా కొనేది నేనే.

కొనేటప్పుడు రెండు సంగతులు చూడండి. మీ వాకీటాకీకి ఏ ప్లగ్ పడుతుందో ముందే చూసుకోవాలి. చాలా సెట్లకు కెన్‌వుడ్ తరహా రెండు పిన్నులే ఉంటాయి, కానీ అన్నింటికీ కాదు. వాకీటాకీ కూడా కొత్తగా కొంటుంటే, మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోగలిగేవి ముఖ్యంగా 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవర్ సెట్లే. ఆన్‌లైన్‌లో దొరికే ప్రతి సెట్టూ ఆ కోవలోకి రాదు. ఇక మైకు విషయానికొస్తే, బిళ్లలు ఇప్పటికీ బాగున్నాయి. తెగేది బటన్ దగ్గర వైరే. నాది రెండుసార్లు టంకం వేయించాను, స్పేర్ వైరు విడిగా అమ్మే మోడలే తీసుకోండి.