రాత్రంతా నడిచే స్క్రిప్టుకు ఏది మేలు: నోహప్పా, టీమక్సా, ఎస్‌బ్యాచా?

అనంతపురం రీసెర్చ్ విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్న ఇది. నోహప్, టీమక్స్ అనేవి కనెక్షన్ తెగినా సర్వర్‌లో పని నడిచేలా చూసే లినక్స్ ప్రోగ్రాములు. ఎస్‌బ్యాచ్ అనేది స్లర్మ్‌కు పని అప్పగించే కమాండ్; క్లస్టర్‌లో, అంటే కలిపి వాడే కంప్యూటర్ల గుంపులో, పనులను వరసపెట్టి నడిపే సాఫ్ట్‌వేరే స్లర్మ్. వర్షపాతం, వేరుశనగ దిగుబడి కలిపి చూసే స్క్రిప్టు పది గంటలు నడవాలి. మధ్యలో ఇంట్లో కరెంటు పోయి వైఫై ఆగితే సర్వర్‌లో పని కూడా ఆగిపోతోంది.

కనెక్షన్ తెగితే వచ్చే హ్యాంగప్ సిగ్నల్ (పనిని ఆపేసే సంకేతం) వల్లే అలా అవుతుంది. ఇదొక్కటే బాధైతే నోహప్ అయినా, టీమక్స్ అయినా చాలు. నోహప్‌తో ఒక చిక్కుంది. అవుట్‌పుట్ ఫైల్‌లోకి పోతుంటే పైథాన్ ప్రింట్లను బఫర్‌లో (తాత్కాలిక నిల్వలో) పోగేసి, అది నిండాకే వదులుతుంది. గంటసేపు లాగ్ ఖాళీగా కనబడేసరికి, ఆగిపోయిందనుకుని బాగా నడుస్తున్న పనిని చంపేస్తారు. కమాండ్‌లో పైథాన్ పక్కన మైనస్ యు (-u) పెట్టండి, ప్రింట్లు వెంటనే ఫైల్‌లోకి వస్తాయి. టీమక్స్‌లో ఆ తంటా లేదు: కంట్రోల్ బి, తర్వాత డి నొక్కి పనిని నడవనిచ్చి బయటపడి, పొద్దున మళ్లీ అటాచ్ చేసి (దానికి కలిసి) చూసుకోవచ్చు. స్క్రీన్ అనే ప్రోగ్రాము కూడా ఇలాంటిదే, అలవాటున్నవాళ్లు వాడుకోవచ్చు.

నా దృష్టిలో అసలు తేల్చేది వేరు: పని చచ్చిపోతే ఎందుకు చచ్చిందో తెలుస్తుందా, చేసినదాంట్లో ఎంత మిగులుతుంది? మెమరీ నిండితే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) పంపే కిల్ సిగ్నల్‌ను నోహప్ ఆపలేదు. స్క్రిప్టు లాగ్‌లో కారణం ఉండదు, చివరి లైను దగ్గర ఆగిపోయి ఉంటుంది. స్లర్మ్‌లో మెమరీ పరిమితి అమలయ్యే చోట ఎస్‌యాక్ట్ అనే కమాండ్‌ను అడిగితే 'అవుట్ ఆఫ్ మెమరీ' అనో 'టైమౌట్' అనో చెబుతుంది. అందులోనే మ్యాక్స్ఆర్ఎస్ఎస్ (పని వాడిన గరిష్ఠ మెమరీ) చూసి, ఈసారి దానికి పాతిక శాతం కలిపి అడగండి. టైమ్ మాత్రం మరీ ఎక్కువ అడగొద్దు, తక్కువ టైమ్ అడిగిన జాబులు ఖాళీ సందుల్లో ముందే దూరిపోతాయి.

స్లర్మ్‌లో అన్నిటికన్నా అక్కరకొచ్చేది జాబ్ అర్రే, అంటే ఒకే స్క్రిప్టును నంబర్లున్న చాలా జాబులుగా పంపడం. పాత అనంతపురం జిల్లాలో 63 మండలాలు (ఇప్పుడు 31 ఇక్కడ, 32 శ్రీ సత్యసాయి జిల్లాలో). అర్రేకి 1-63%8 అని ఇస్తే ఒకేసారి ఎనిమిదికి మించకుండా నడుస్తాయి. టాస్క్ నంబరును బట్టి ఒక్కో జాబు తన మండలాన్ని తీసుకుంటుంది. 17, 41 నంబరు జాబులు పడిపోతే ఆ రెండే మళ్లీ పంపండి, మిగతా 61 జోలికి పోనక్కర్లేదు. ఫలితాన్ని ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టండి. లేదంటే సగం రాసిన ఫైలు పూర్తయినదానిలా కనబడి మోసం చేస్తుంది.

క్లస్టర్ లేనివాళ్లకు టీమక్సే మేలు. అందులోనూ మండలానికో ఫైలు రాస్తూ, ఉన్న ఫైళ్లను దాటేసేలా లూప్ పెట్టండి. డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌కే కరెంటు పోయినా పోయేది ఆ ఒక్క మండలం పనే.