పాత కంపెనీ 401కెని ఐఆర్‌ఏలోకి మార్చాలా? ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

అమెరికాలో ఉద్యోగం మారినవాళ్లు ఎవరిని అడిగినా వచ్చే సలహా ఒకటే: "పాత 401కెని ఐఆర్‌ఏలోకి రోలోవర్ చేసెయ్." 401కె అంటే కంపెనీ ద్వారా జీతంలోంచి పొదుపు చేసే రిటైర్‌మెంట్ ఖాతా, ఐఆర్‌ఏ అంటే ఎవరికి వారు తెరుచుకునే రిటైర్‌మెంట్ ఖాతా, రోలోవర్ అంటే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి డబ్బు మార్చడం. రోలోవర్ ఐఆర్‌ఏనీ, పాత ప్లాన్‌లోనే వదిలేసిన ఖాతానీ, కొత్త కంపెనీ ప్లాన్‌లో కలిపేసిన డబ్బునీ ఏళ్ల తరబడి పక్కపక్కనే నడిపాక నా అభిప్రాయం వేరు. బ్యాక్‌డోర్ రాత్ (రాత్ ఐఆర్‌ఏలోకి డబ్బుని చుట్టుదారిన చేర్చడం) చేసేవాళ్లకి, రేపు చేయబోయేవాళ్లకి మొదటి ఎంపిక కొత్త కంపెనీ 401కె. ఐఆర్‌ఏది రెండో స్థానం. సొమ్ము మొత్తం చేతికి తీసుకోవడం మాత్రం గత్యంతరం లేనప్పుడే.

కారణం ప్రో-రేటా నియమం, అంటే పన్ను కట్టిన డబ్బునీ కట్టనిదాన్నీ కలిపి దామాషాలో లెక్కించడం. ఆదాయం పరిమితి దాటినవాళ్లు రాత్ ఐఆర్‌ఏలో (పన్ను కట్టిన డబ్బు వేసి, రిటైరయ్యాక పన్ను లేకుండా తీసుకునే ఖాతా) నేరుగా వేయలేరు కాబట్టి, ట్రెడిషనల్ (మామూలు) ఐఆర్‌ఏలో పన్ను కట్టిన డబ్బు వేసి దాన్ని రాత్‌కి మారుస్తారు. బ్యాక్‌డోర్ అంటే ఇదే. పన్ను కట్టని డబ్బు ఏ ఐఆర్‌ఏలోనూ లేకపోతేనే ఇది సాఫీగా సాగుతుంది. ఉదాహరణకి పాత 401కె నుంచి వచ్చిన 63,000 డాలర్లు రోలోవర్ ఐఆర్‌ఏలో ఉన్నాయి, మీరు కొత్తగా 7,000 వేసి ఆ 7,000నే మార్చారు అనుకోండి. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) మొత్తం 70,000నీ ఒకే కుండలో నీళ్లలా చూస్తుంది. అందులో పన్ను కట్టినది పదో వంతు. కాబట్టి మార్చిన 7,000లో 700కే మినహాయింపు, మిగతా 6,300 ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. రెండు ఖాతాలు వేర్వేరు బ్రోకరేజీల్లో ఉన్నా లెక్క మారదు. భార్యాభర్తల ఐఆర్‌ఏలు మాత్రం ఎవరివి వారివే.

ఇందులో చాలామంది పడే గొయ్యి ఇంకోటుంది. ఈ లెక్క చూపించే పన్ను ఫారం 8606 అడిగేది మార్చిన రోజు బ్యాలెన్స్ కాదు, డిసెంబర్ 31 నాటి బ్యాలెన్స్. జనవరిలో బ్యాక్‌డోర్ శుభ్రంగా పూర్తిచేసి, నవంబర్‌లో ఉద్యోగం మారి పాత 401కెని ఐఆర్‌ఏలోకి తెస్తే, జనవరిలో చేసినది కూడా చెడిపోతుంది. విరుగుడు ఉంది: కొత్త కంపెనీ ప్లాన్ ఒప్పుకుంటే ఐఆర్‌ఏలోని పన్ను కట్టని భాగాన్ని డిసెంబర్ 31లోపు ఆ 401కెలోకి తోసేయవచ్చు. అన్ని ప్లాన్‌లూ ఒప్పుకోవు, ముందే కనుక్కోండి. రాత్ ఐఆర్‌ఏలో ఉన్న డబ్బు మాత్రం ఏ 401కెలోకీ వెళ్లదు.

అలాగని రోలోవర్ ఐఆర్‌ఏ చెడ్డది కాదు. ఫండ్ల ఎంపికలో దానికి సాటి లేదు. కొత్త ప్లాన్‌లో ఖరీదైన ఫండ్లు తప్ప వేరే లేనప్పుడు, బ్యాక్‌డోర్ ఆలోచన లేనప్పుడు కళ్లు మూసుకుని ఐఆర్‌ఏకే వెళ్లొచ్చు. అయితే పెద్ద కంపెనీల 401కెల్లో దొరికే సంస్థాగత షేర్ క్లాస్ ఫండ్లు (పెద్ద మొత్తాలకి తక్కువ ఫీజుతో ఇచ్చేవి) కొన్ని బయట అంత చవగ్గా దొరకవు. స్టేబుల్ వాల్యూ ఫండ్ (ఒడిదుడుకులు లేకుండా నిలకడగా వడ్డీ ఇచ్చేది) అయితే ఐఆర్‌ఏలో ఉండనే ఉండదు. అప్పులవాళ్ల నుంచి రక్షణ కూడా 401కెకి ఫెడరల్ చట్టం ద్వారా గట్టిగా ఉంటుంది. ఐఆర్‌ఏకి దివాలా కేసు కానప్పుడు ఆ రక్షణ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

పాత ప్లాన్‌లోనే వదిలేయడం తప్పేమీ కాదు, బ్యాలెన్స్ 7,000 డాలర్లు దాటితే. అంతకు లోపు ఉంటే ప్లాన్ మిమ్మల్ని అడక్కుండానే ఏదో ఒక ఐఆర్‌ఏలోకి పంపేయగలదు. వెయ్యి లోపు అయితే చెక్కే పంపేయొచ్చు. యాభై అయిదు దాటినవాళ్లు మరీ జాగ్రత్తగా చూడాలి: 55 ఏళ్లు నిండే సంవత్సరంలో గానీ తర్వాత గానీ ఉద్యోగం వదిలితే, ఆ కంపెనీ ప్లాన్ నుంచి 10 శాతం పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు. ఐఆర్‌ఏలోకి మార్చిన మరుక్షణం ఆ వెసులుబాటు పోయి 59½ దాకా ఆగాలి. వదిలేసేవాళ్లు ఉద్యోగం ఆఖరి రోజులోపే లాగిన్‌లో ఆఫీసు ఈమెయిల్ తీసేసి సొంత ఈమెయిల్, సొంత ఫోన్ నంబర్ పెట్టుకోవాలి. లాగిన్ కోడ్ మూతపడిన ఆఫీసు మెయిల్‌కి వెళ్తుంటే ఖాతా తెరవడం పెద్ద తలనొప్పి. మాజీ ఉద్యోగుల దగ్గర మూడు నెలలకోసారి అడ్మిన్ ఫీజు కోసే ప్లాన్‌లూ ఉన్నాయి. స్టేట్‌మెంట్‌లో ఆ వరుస వెతకండి.

మార్చాలని నిర్ణయించుకుంటే మొదటి ఫోన్ పాత సంస్థకి కాదు, డబ్బు చేరాల్సిన చోటుకి. చెక్కు ఎవరి పేరు మీద రావాలి, ఏ చిరునామాకి, మెమోలో ఏ ఖాతా నంబర్, రోల్-ఇన్ ఫారం (బయటి డబ్బు లోపలికి తీసుకునేందుకు నింపేది) ఏది, ఈ నాలుగూ అక్కడ రాసుకుని ఆ తర్వాతే పాతవాళ్లకి ఫోన్ చేయండి. వాళ్ల దగ్గర డబ్బు ఏ రకానిదో విడగొట్టి చెప్పించుకోండి: ప్రీ-ట్యాక్స్ (పన్ను కట్టనిది) ఎంత, రాత్ ఎంత, ఆఫ్టర్-ట్యాక్స్ (పన్ను కట్టి వేసినది, కానీ రాత్ కానిది) ఎంత, కంపెనీ మ్యాచ్‌లో (మీ పొదుపుకి జతగా కంపెనీ వేసేది) వెస్ట్ అయినది, అంటే పూర్తిగా మీ సొంతమైనది ఎంత. రాత్ భాగం రాత్ ఐఆర్‌ఏకి గానీ, కొత్త ప్లాన్ రాత్ విభాగానికి గానీ వెళ్లాలి. ఆఫ్టర్-ట్యాక్స్ అసలుని రాత్ ఐఆర్‌ఏకి, దాని మీది లాభాన్ని ప్రీ-ట్యాక్స్ ఖాతాకి విడివిడిగా పంపమని అడగొచ్చు. ఆఖరి జీతం, ఆఖరి మ్యాచ్ జమ అయ్యేదాకా ఆగండి. తొందరపడితే మిగిలిన చిల్లరకి మళ్లీ ఇదే తంతు.

అడగాల్సిన మాట "డైరెక్ట్ రోలోవర్". చెక్కు మీ ఇంటికే వచ్చినా, దాని మీద కొత్త సంస్థ పేరు, తర్వాత ఎఫ్‌బిఓ ("ఫలానావారి కోసం") అని మీ పేరు ఉంటే అది డైరెక్టే. దాన్ని మీ బ్యాంకులో వేయకుండా అలాగే ముందుకు పంపాలి. మీ ఒక్కరి పేరు మీదే వస్తే కథ మారుతుంది. 50,000లో 20 శాతం, అంటే 10,000, పన్ను కింద ముందే కోసి 40,000 పంపుతారు. 60 రోజుల్లో మొత్తం 50,000 కొత్త ఖాతాలో పడాలి కాబట్టి ఆ 10,000 మీ జేబులోంచి వేయాలి. కోసినది రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది. వేయలేకపోతే ఆ 10,000 ఆదాయమే, పైగా 59½ లోపువాళ్లకి మామూలుగా ఇంకో 1,000 పెనాల్టీ.

401కె మీద లోన్ ఉండగా ఉద్యోగం వదిలితే, కట్టని మొత్తాన్ని ప్లాన్ మీ బ్యాలెన్స్‌లోంచి తీసేసుకుంటుంది. ఆ మొత్తాన్ని ఆ ఏడాది రిటర్న్ గడువులోపు, పొడిగింపు ఉంటే అప్పటిలోపు, ఐఆర్‌ఏలో వేస్తే పన్ను తప్పుతుంది. ఇక్కడ 60 రోజుల గొడవ లేదు.

డబ్బు చేరాక చేయాల్సిన పనినే ఎక్కువమంది మరిచిపోతారు. పాత ఫండ్లు అమ్మేసి పంపుతారు కాబట్టి ఐఆర్‌ఏలో పడేది నగదు. మీరు లోపలికి వెళ్లి ఫండ్ కొనేదాకా అది అలాగే పడి ఉంటుంది, మార్కెట్ పెరిగినా మీకేమీ రాదు. నామినీ కూడా వెంట రాదు. 401కెలో భార్య లేదా భర్త సాధారణంగా చట్టప్రకారమే వారసులు. ఐఆర్‌ఏలో మామూలుగా మీరు రాసిన పేరుదే హక్కు. ఖాతా తెరిచిన రోజే రాయండి.

ఇండియాకి తిరిగి వెళ్లే ఆలోచన ఉంటే రోలోవర్ ఏదైనా విమానం ఎక్కకముందే ముగించండి. విదేశీ చిరునామా కనబడితే కొత్త ఫండ్లు కొననివ్వని బ్రోకరేజీలు ఉన్నాయి. 2021లో ఇండియా తెచ్చిన 89ఎ సెక్షన్ ప్రకారం ఫారం 10-ఈఈ వేసినవాళ్లకి ఏటా పెరిగే లాభం మీద కాకుండా, డబ్బు తీసినప్పుడు పన్ను పడేలా వెసులుబాటు ఇచ్చారు. అయితే ఖాతా తెరిచేనాటికి మీరు ఇండియాలో నాన్‌రెసిడెంట్, అమెరికాలో రెసిడెంట్ అయి ఉండాలన్నది అందులో షరతు. వెళ్లాక తెరిచిన కొత్త ఐఆర్‌ఏ ఆ షరతు దగ్గరే ఆగిపోవచ్చు. నాన్‌రెసిడెంట్‌గా అమెరికా నుంచి తీసే డబ్బులో మామూలుగా 30 శాతం ముందే కోస్తారు. అసలు పన్ను అంతకంటే తక్కువైతే 1040-ఎన్‌ఆర్ (నాన్‌రెసిడెంట్ల పన్ను రిటర్న్) వేసి మిగతాది వెనక్కి తెచ్చుకోవాలి.

మరుసటి ఏడాది మొదట్లో 1099-ఆర్ (రిటైర్‌మెంట్ ఖాతాలోంచి వెళ్లిన డబ్బు లెక్క చూపే ఫారం) వస్తుంది. ఏడో గడిలో "జి" ఉంటే డైరెక్ట్ రోలోవర్, "హెచ్" ఉంటే రాత్ 401కె నుంచి రాత్ ఐఆర్‌ఏకి వెళ్లినది. "1" ఉంటే ముందస్తు విత్‌డ్రాయల్‌గా నమోదు చేశారన్నమాట. డబ్బు నిజంగా నేరుగా వెళ్లి ఉంటే రిటర్న్ వేసే లోపే పాత సంస్థతో దిద్దించుకోండి. ప్రీ-ట్యాక్స్ నుంచి ప్రీ-ట్యాక్స్‌కే మొత్తం వెళ్లినప్పుడు 1040లో (మామూలు పన్ను రిటర్న్ ఫారం) 5ఎ వరుసలో పూర్తి మొత్తం, 5బిలో సున్నా, పక్కన రోలోవర్ అన్న గుర్తు ఉండాలి. సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్నకి తప్పు జవాబిస్తే మొత్తం 5బిలోకి పోయి పన్ను ఒక్కసారిగా ఎగబాకుతుంది.